మెంతిగింజంత సున్న

పెట్టె మీద ఐదు వాట్లని రాసి ఉంది.
మా వంటింటి బల్బు అంతకన్నా ఎక్కువ మింగుతుంది.
దీనికి చెక్క కోసేంత పొగరెక్కడిదో!

జులై నెల. లాన్సెస్టన్ చలి
గరాజ్ షట్టరు కింద నుంచి పాక్కుంటూ వస్తోంది.
ఆదివారం, నాకు బస్సు డ్యూటీ లేదు.
మేధ గడప మీద కూచుని
సూచనల కాగితం పైకి చదువుతోంది.
"అమ్మా, పన్నెండో బొమ్మలో మర ఒకటే. మన దగ్గర రెండున్నాయి."
మిగిలినదాన్ని జేబులో వేసుకున్నాను.
ఎక్కడ లోటో అదే చెబుతుంది, తీరిగ్గా.

నారింజ కళ్లద్దాలు పెట్టుకోగానే
గరాజంతా బెల్లం పాకంలో మునిగింది.
నిచ్చెన, సైకిలు, తలుపు ఊడిన పాత వాషింగ్ మెషీను,
కార్పొరేషన్ చెత్తడబ్బా కూడా
తియ్యగా కనిపించింది.

మొదటి అట్టు పెనానికి.
రెండోదీ పెనానికే.
వేగం తగ్గిస్తే మాడింది,
పెంచితే పిల్లి నాకినట్టు ఒక చార.
ఇక చిన్న చిన్న గళ్లు కాల్చుకుంటూ పోయాను,
గోధుమ, ఇటుక, చింతపండు, బొగ్గు.
ఏ గడి దగ్గర ఆగాలో
పోపు పెట్టే చేతికి ఒకరు చెప్పాలా?
అక్కడ ఆవాలు చెబుతాయి,
ఇక్కడ పొగ చెప్పింది.

పొగ వాసనకి పక్కింటి మెర్విన్ వచ్చాడు.
నలభై ఏళ్లు రంపపు మిల్లులో పనిచేసిన మనిషి,
ఎడమ చేతికి మూడున్నర వేళ్లు.
యంత్రాన్ని చూసి, "పళ్లు లేవేం దీనికి?" అన్నాడు.
వెళ్లి, హ్యూవాన్ పైన్ ముక్కలు నాలుగు తెచ్చాడు,
పలచగా, పసుపు రాసినట్టు.
నది అడుగున ఎన్నాళ్లు నానిన చెట్టో!
"పాడు చేసినా పర్లేదు" అన్నాడు గానీ
కదలకుండా అక్కడే నిలబడ్డాడు.

నాకు కావలసినవి పోపు డబ్బాలకి పేర్లు.
జీలకర్ర అని కొడితే
తెర మీద వత్తు ఊడి పక్కన నిలబడింది,
తిరనాళ్లలో చెయ్యి వదిలిన పిల్లలా.
మూడు సార్లు కలిపాను. మూడు సార్లూ విడిపోయింది.
విసుగొచ్చి స్కెచ్ పెన్నుతో నేనే రాసి
ఫొటో తీసి ఇచ్చాను.
అది చదవలేదు, తడిమింది.
నా కొమ్ములు, నా వంకర దీర్ఘాలు,
లు దగ్గర తోక కొంచెం ఎక్కువైతే ఆ ఎక్కువా.
ఎనిమిదో క్లాసు తెలుగు మేష్టారి తర్వాత
నా రాతని ఇంత శ్రద్ధగా చూసినవాళ్లు లేరు.

నీలం చుక్క కదిలింది.
ఒకటో విడత గీత, రెండో విడత గాటు,
నాలుగో విడతకి అవతలి వెలుతురు.
లవంగం నమిలినట్టు ఘాటుగా తీపి వాసన.
మెర్విన్ కళ్లు మూసుకుని పీల్చి
ఏదో ఊరి పేరు చెప్పాడు, నాకు కాదు.

పలక ఎత్తి చూస్తే
ఇంగువలో సున్న రాలిపోయింది,
మెంతులులో సున్న రాలిపోయింది.
అయ్యో అనుకుని వెలుతురుకి పట్టాను.
రెండూ చదవడానికి వస్తున్నాయి!
తక్కిన అక్షరాలకి పొట్ట ఊడితే లోటు గానీ
సున్నకి ఏం పోతుంది?
ఖాళీ చేస్తే ఇంకాస్త సున్న అయింది.

అంచులు తుడిస్తే వేలికి కాటుక.

ఇంగువ బిళ్ల మేధ సాక్సుకి అంటుకుని దొరికింది.
రెండోది, సరిగ్గా మెంతిగింజంత, అదే పసుపు,
పేరు అతికిస్తుంటే జారి
మెంతుల డబ్బాలో పడింది.
"ఒంపి వెతుకుదామా?" అంది మేధ,
అప్పటికే న్యూస్‌పేపర్ పరిచి.

వద్దన్నాను.
ఏదో ఒక పులుసులో వేగుతుంది.
ఎవరి పంటి కిందో గట్టిగా తగిలి
ఇదేంటని అడిగినప్పుడు చూద్దాం.